మామ్మ చుట్ట వాసన

మా మామ్మ అడ్డపొగ తాగేది. అంటే చుట్ట వెలిగించి నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని పెదాలు మూసుకుని పీల్చడం. గుంటూరు వైపు ఫ్రెండ్స్‌కి చెప్తే నోరు కాలదా అని అడుగుతారు గానీ మా విజయనగరం, శ్రీకాకుళం పల్లెల్లో పాతతరం ఆడవాళ్ళకి అది మామూలే, రెండు చేతులతో ఊడ్పులు ఊడుస్తూ కూడా నోట్లో చుట్ట అలా ఉండిపోయేది. ఆ వాసన సిగరెట్ వాసనలా ఉండదు. కాలిన పొగాకు, కొంచెం తడి, కొంచెం పాత నేత చీర, అన్నీ కలిసి ఉంటాయి. నేను అమ్మ దగ్గర కంటే మామ్మ దగ్గరే పెరిగాను, నెల్లిమర్ల దగ్గర మా ఊళ్ళో పదో తరగతి దాకా ఆవిడ పక్కలోనే పడుకున్నాను, అందుకే నాకు అది నిద్రపట్టే వాసన.

ఆ చుట్టే ఆవిడ్ని తీసుకుపోయింది. అంగిలి మీద తెల్లమచ్చ, తర్వాత పుండు, తర్వాత విశాఖ చుట్టూ తిరగడం, చివరికి 2019 సంక్రాంతి వెళ్ళిన వారానికి పోయింది. ఆఖరి రోజుల్లో మాట రాలేదు, చెయ్యి పట్టుకుని వదిలేది కాదు. నేను ఆ రాత్రి స్కూల్లో పేపర్లు దిద్దాలని టౌన్‌కి వచ్చేశాను, తెల్లారి ఫోన్ వచ్చింది. తర్వాత జరిగిందంతా ఇక్కడి నుంచే మొదలైందని ఇప్పుడు అనుకుంటున్నా.

మేము విజయనగరంలో పెద్దచెరువుకి దగ్గర్లో ఒక ఇంట్లో అద్దెకి ఉంటాం, నేను ప్రైవేట్ స్కూల్లో లెక్కలు చెప్తాను, మా ఆయనది షిఫ్ట్ డ్యూటీ. పెద్దకర్మ అయిన నెలకి ఒక రాత్రి మూడింటికి మెలకువ వచ్చింది, గదిలో చుట్ట వాసన. చాలా స్పష్టంగా. లేచి కిటికీ దగ్గరికెళ్ళి చూశాను, వీధిలో ఎవరూ లేరు, వంటింట్లో గ్యాస్ చూశాను, పూజ గదిలో అగరొత్తి ఏమైనా ఆరకుండా ఉందా అని చూశాను, ఏమీ లేదు. భయం వేయలేదు. మళ్ళీ పడుకుంటే పదేళ్ళుగా పట్టనంత మంచి నిద్ర పట్టింది. పొద్దున అత్తమ్మకి చెప్తే "నాకూ వచ్చిందమ్మా, నేననుకున్నాను ఎవరబ్బా అని" అంది. ఆ మాట నాకు చాలా ధైర్యం ఇచ్చింది. (ఏడాది తర్వాత తెలిసింది, ఆవిడకి ఏ వాసనా రాలేదట, నేను బాధపడతానని అలా అందట. ఆవిడని తప్పు పట్టను, ఎవరైనా అంతే అంటారు.)

అలా నాలుగైదు నెలలు పదిరోజులకోసారి వాసన వచ్చేది, ఒకట్రెండు సార్లు గొంతు కూడా వినపడింది, "ఒలే గుంటా, నీళ్ళు పట్టీసావేటే?" అని. ఎంత మామూలు మాట చూడండి. చచ్చిపోయిన మనిషి వచ్చి చెప్పాల్సిన మాటేనా అది, కానీ మామ్మ బతికున్నప్పుడు మాట్లాడిందంతా అలాంటి మాటలే, కుళాయి, పొయ్యి, కోళ్ళగూడు తలుపు. ఈ దశలో నాకు జబ్బు లేదు అని ఇప్పటికీ గట్టిగా చెప్తాను. తర్వాత డాక్టర్ గారు కూడా అదే చెప్పారు.

జులైలో మా పాపకి జ్వరం వచ్చింది, అప్పటికి దానికి మూడేళ్ళు. పగలంతా పెద్దగా లేదు, సిరప్ పోసి పడుకోబెట్టాను. రాత్రి ఎన్నడూ లేనంత ఘాటుగా వాసన, చెవి పక్కనే "లెగు" అన్న మాట. లేచి చూస్తే పాప కళ్ళు పైకి తేలిపోయి ఉన్నాయి, చేతులు బిగుసుకుపోయి కొట్టుకుంటున్నాయి, ఒళ్ళు పెనంలా కాలిపోతోంది. పక్కకి తిప్పి పడుకోబెట్టి మా ఆయన్ని లేపి ఆటోలో ఆస్పత్రికి లగెత్తాం. జ్వరం ఫిట్స్ అన్నారు, ఆరు నెలల నుంచి ఐదేళ్ళ లోపు పిల్లలకి జ్వరం పెరిగేటప్పుడు వస్తాయి, ఎక్కువమందికి ఏమీ కాదు అని చెప్పి రెండో రోజు ఇంటికి పంపించేశారు. కానీ ఇంటిల్లిపాదీ, చుట్టాలూ, వీధిలో వాళ్ళూ అన్నది ఒకటే, మీ మామ్మే కాపాడింది. నేను కాదని ఎందుకంటాను, ఏ తల్లి కాదంటుంది.

ఇక్కడి నుంచి జాగ్రత్తగా చెప్పాలి, ఎందుకంటే ఏ రోజు గీత దాటానో నాకే తెలీదు, గీత అని ఒకటి ఉండి దాన్ని దాటినట్టు కాదు అసలు, సాయంత్రం చీకటి పడినట్టు పడింది.

ముందు లెక్కపెట్టడం మొదలుపెట్టాను. వాసన వచ్చింది, మర్నాడు మా చిన్నాన్న బండి మీంచి పడ్డాడు. వాసన వచ్చింది, స్కూల్లో ఇన్‌స్పెక్షన్ వచ్చింది. వాసన వచ్చింది, పాలు విరిగిపోయాయి. ప్రతిదీ కలిసేది. వాసన వస్తే ఏదో జరుగుతుంది కాబట్టి అది వచ్చేటప్పటికి నేను నిద్రలో ఉండకూడదు అనిపించింది, పాప విషయంలో ఒక్క నిమిషం లేటైతే ఏమయ్యేది అని. అలా రాత్రులు కూర్చోవడం మొదలైంది. పన్నెండు దాకా, తర్వాత రెండు దాకా, సెప్టెంబర్‌కి వచ్చేసరికి రోజుకి రెండు మూడు గంటలు పడుకుంటే గొప్ప. నిద్ర లేకపోతే మెదడు ఎవరికైనా లేనివి చూపిస్తుందని నాకు అప్పుడు ఎవరూ చెప్పలేదు. చెప్పినా వినేదాన్ని కాదేమో.

తర్వాత వాసనతో పని లేకుండా పోయింది. ఆటో నంబర్లు కూడితే ఏడు వస్తే మంచిది కాదు. హాజరు పిలిచేటప్పుడు వరసగా ముగ్గురు రాకపోతే అది కబురు. టీవీలో యాడ్‌లో ముసలావిడ నవ్వితే అది నాకోసం. అక్టోబర్‌లో పైడితల్లమ్మ సిరిమానోత్సవానికి మూడు లాంతర్ల దగ్గర జనంలో నిలబడ్డాను, సిరిమాను గుడి దగ్గర నుంచి కోట దాకా మూడుసార్లు తిరుగుతుంది కదా, రెండోసారి వచ్చినప్పుడు పైన కూర్చున్న పూజారి గారు నన్నే చూశారు. అరవై అడుగుల మాను చివరి నుంచి, లక్షల జనంలో, నన్ను. అనుకోలేదు నేను, అనిపించలేదు, తెలిసింది. ఆ "తెలిసింది" అన్న మాటే నాకు ఇప్పుడు భయం.

పైగా నాకో గట్టి వాదన ఉండేది. పైడితల్లమ్మ కథ మా ఊళ్ళ వాళ్ళందరికీ తెలిసిందే, 1757 బొబ్బిలి యుద్ధం టైంలో అన్నగారైన విజయనగరం రాజుకి ఆపద అని ఆవిడకి ముందే తెలిసిందని, తర్వాత పతివాడ అప్పలనాయుడికి కలలో కనిపించి పెద్దచెరువులో నా విగ్రహం ఉంది తీయండి అని చెప్పిందని. ఇప్పటికీ సిరిమానుకి కావాల్సిన చింతచెట్టు ఎక్కడుందో అమ్మవారు పూజారి కలలోకి వచ్చి చెప్తుందని నమ్ముతాం, ఆ చెట్టు వెతికి పూజ చేసి తెస్తారు. మరి ఆ కలని ఊరంతా కళ్ళకద్దుకుంటుంటే నా వాసన మాత్రం జబ్బు ఎలా అవుతుంది? ఎవరైనా వద్దని చెప్పబోతే ఇదే అడిగేదాన్ని, ఎవరి దగ్గరా జవాబు ఉండేది కాదు.

ఇప్పుడు చెప్పడానికి కష్టమైన భాగం. మా ఎదురింట్లో ఒక పిన్ని ఉంటుంది, చుట్టం కాదు, అలవాటుగా పిన్ని అంటాం. భర్త లేడు, పిల్లలు ఎక్కడో ఉన్నారు, పూలు కట్టి అమ్ముకుంటుంది. అమావాస్యకి గుమ్మం ముందు నిమ్మకాయ కోసి కుంకం అద్ది పెడుతుంది, మా వీధిలో సగం మంది పెడతారు. ఆ అమావాస్యకి పెట్టిన చెక్క ఒకటి దొర్లి మా గేటు వైపు వచ్చింది. అదే రాత్రి వాసన వచ్చింది. అంతే, అన్నీ కలిసిపోయాయి. పాప జ్వరం, చిన్నాన్న బండి, పాలు, ఏడు నంబరు, పూజారి చూపు, అన్నిటికీ ఒకటే కారణం, పిన్ని మాకు చిల్లంగి, అంటే చేతబడి, పెడుతోంది, మామ్మ ఇన్ని నెలలుగా వచ్చేది అది చెప్పడానికే.

ఆ క్షణం ఎలా ఉంటుందో అనుభవించని వాళ్ళకి ఎలా చెప్పాలో తెలీదు. భయంగా ఉంటుందనుకుంటారు. కాదు, హాయిగా ఉంటుంది. మూడు నెలలుగా ఏదో జరగబోతోంది ఏదో జరగబోతోంది అని గుండె దడదడలాడుతూ తిరిగిన మనిషికి ఒక్కసారి అంతా అర్థమైపోతుంది, ఒళ్ళంతా తేలికైపోతుంది, దేవుడు ఎదురుగా నిలబడినట్టు. బాగయ్యాక చదివాను, క్లాస్ కోన్రాడ్ అనే జర్మన్ సైకియాట్రిస్ట్ 1958లో ఇదంతా రాశాడట, మొదట నాటకం మొదలయ్యే ముందు తెరవెనక నటుడికి ఉండే వణుకు లాంటి దశ, ఆ తర్వాత ఒక్కసారిగా ప్రతిదానికీ అర్థం కనబడే దశ. నేను పుట్టకముందే ఎక్కడో ఒకాయన నా అక్టోబర్ నెలని రాసిపెట్టాడని ఏడ్చాను.

మా మరిదికి చెప్పాను. వాడికి నేనంటే ప్రాణం, కోపం ఎక్కువ. మా ఆయన నైట్ డ్యూటీలో ఉండగా ఇద్దరు ఫ్రెండ్స్‌ని తీసుకుని రాత్రి పదింటికి పిన్ని తలుపు కొట్టాడు, బయటికి రాయే, నీ సంగతి తేలుస్తా అని. ఆవిడ తలుపు తీయలేదు. లోపల ఏడుపు వినపడుతోంది, "నానేటి సేసాను బావూ" అని. నేను మా గేటు పట్టుకుని నిలబడి వింటున్నాను, నాకు జాలి కలగలేదు. చూశావా, బయటపడింది, మామ్మ చెప్పింది నిజమే అనుకున్నాను. కింద వాటా వాళ్ళు ఫోన్ చేస్తే మా ఆయన పరిగెత్తుకొచ్చి వాళ్ళని లాక్కొచ్చేశాడు. ఆయన ఒక్క పది నిమిషాలు లేటైతే ఏం జరిగేదో. చిల్లంగి అనుమానంతో ముసలివాళ్ళని కొట్టి చంపేశారు అని మన ఏజెన్సీ వైపు నుంచి వచ్చే వార్తలు పేపర్లో చదివి అయ్యో అనుకునేదాన్ని నేను. బీఎస్సీ బీఈడీ చదివిన దాన్ని.

మర్నాడు మా ఆయన ఒక డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళాడు, పేరు అనవసరం, ఐదు నిమిషాలు కూడా వినలేదు, నిద్రమాత్రలు రాసి ఖాళీగా ఉంటే ఇలాంటివే వస్తాయి, ఏదైనా పని పెట్టుకోండి అన్నారు. ఆరు పీరియడ్లు చెప్పి ఇంటికొచ్చి వండే మనిషికి. మాత్రలు వేసుకోలేదు, వేసుకుంటే మామ్మ వచ్చినప్పుడు లేవలేను కదా.

నన్ను మార్చింది వేరే మనిషి. మా ఊళ్ళో గ్రామదేవత గణాచారి ఒకావిడ ఉంది, పండగకి అమ్మవారు ఆవిడ మీదకి వస్తుంది, చిన్నప్పటి నుంచి చూస్తున్నాను. ఆవిడైతే నేను చెప్పేది నిజమని అంటుంది అని నేనే పట్టుబట్టి ఒక మంగళవారం వెళ్ళాను. ఆవిడ అరుగు మీద కూర్చుని చేటలో బియ్యం ఏరుతోంది. నేను గంటసేపు చెప్పాను, ఆవిడ మధ్యలో ఒక్క మాట అనలేదు, బియ్యం ఏరుతూనే ఉంది. అంతా విని, "నిద్ర పడతందేటే?" అంది. లేదన్నాను. "అన్నం?" సయించట్లేదన్నాను. అప్పుడు చేట పక్కన పెట్టి నా గడ్డం పట్టుకుంది. "ఒలే, నా మీదకి అమ్మోరు వస్తాది, పండగ నాడు వస్తాది, సెప్పాల్సింది సెప్తాది, ఎల్పోద్ది. ఎల్పోయినాక నాను ఇంటికొచ్చి గంజి వార్సుకుంటాను. నీకు వొచ్చింది ఎల్లట్లేదు. అది మీ మామ్మ కాదు. మీ మామ్మయితే నిన్ను తొంగోనిస్తాది" అంది. ఇంకో మాట కూడా అంది, "ఒకలి మీద పగ పెంచీది ఏదైనా సరే, అమ్మోరు కాదు." తర్వాత మా ఆయన వైపు తిరిగి, "మంచి డాక్టరుకి సూపించు బావూ, ఆలస్యం సెయ్యకు" అంది. తాయెత్తు ఇవ్వలేదు, డబ్బులు ముట్టలేదు. చదువుకున్న వాళ్ళు ఎవరూ అడగని ప్రశ్న, నిద్ర పడుతుందా అన్నది, ఆవిడే మొదట అడిగింది.

మానసిక డాక్టర్ అనగానే అత్తమ్మ ఏడుపు, "వాల్తేరు పంపించేస్తారా" అని. మా వైపు చినవాల్తేరు అంటే పిచ్చాసుపత్రి అనే అర్థం. పంపించలేదు. విజయనగరంలోనే ఒక లేడీ సైకియాట్రిస్ట్, మొదటిరోజు గంటంపావు కూర్చోబెట్టుకున్నారు. మొదట అడిగింది వాసన గురించే, ఎంతసేపు ఉంటుంది, ఆ టైంలో కడుపులో ఏదైనా పైకి లేచినట్టు ఉంటుందా, మాట తడబడుతుందా, తర్వాత గుర్తుంటుందా అని. లేని వాసనలు మెదడులో కణతల వైపు భాగంలో వచ్చే ఒక రకం ఫిట్స్ వల్ల కూడా రావచ్చట, అందుకని మెదడు తరంగాలు చూసే ఈఈజీ తీయించారు, ఎంఆర్ఐకి విశాఖ పంపారు, థైరాయిడ్, బి12 చూశారు. బి12 కొంచెం తక్కువ, మిగతావన్నీ బాగానే ఉన్నాయి. రిపోర్టులు బాగున్నాయంటే మా ఇంట్లో అందరూ సంతోషించారు, నేను కూడా సంతోషించాను, వేరే కారణంతో, చూశారా నాకు ఏమీ లేదు అని.

ఆవిడ మాత్రం నా మాట కొట్టిపారేయలేదు. మీ మామ్మ వాసన రావడం, గొంతు వినపడటం నేను జబ్బు అనను అన్నారు. 1971లో డెవీ రీస్ అనే డాక్టర్ వేల్స్‌లో భర్తో భార్యో పోయిన 293 మందిని అడిగి చూస్తే దాదాపు సగంమంది పోయిన మనిషి పక్కన ఉన్నట్టు అనిపిస్తుందనో, కనపడ్డారనో, గొంతు వినపడిందనో చెప్పారట, చాలామంది అప్పటిదాకా ఎవరికీ చెప్పుకోలేదట, ఎక్కువమందికి అది ఓదార్పుగానే ఉందట. అలాగే జబ్బు ఉన్నవాళ్ళలో కూడా, 2015లో వచ్చిన ఒక స్టడీలో తాన్యా లూర్మన్ అనే ఆంత్రోపాలజిస్ట్ వాళ్ళు అమెరికా శాన్ మాటియోలో, ఘనా ఆక్రాలో, మన చెన్నైలో ఇరవై మంది చొప్పున మాట్లాడితే, అమెరికా వాళ్ళకి వినపడేవి ఎక్కువగా హింస, యుద్ధం లాంటి మాటలు, చెన్నై వాళ్ళలో చాలామందికి ఇంట్లో పెద్దవాళ్ళ గొంతులు, ఇంటి పనులు చెయ్యమని చెప్పేవి. నీళ్ళు పట్టావా అన్న మా మామ్మ గుర్తొచ్చి నాకు నోట మాట రాలేదు.

"మరైతే నాకేంటి జబ్బు?" అని అడిగాను. వాసన కాదు, వాసన మీద మీరు కట్టిన ఇల్లు అన్నారు. లేనిది తెలియడం వేరు, దాన్నించి ఒక నమ్మకం పుట్టి, ఎవరు ఏ సాక్ష్యం చూపించినా అది కదలకపోవడం వేరు అన్నారు. నేను వెంటనే సిరిమాను ప్రశ్న వేశాను. ఆవిడ కోప్పడలేదు, కాసేపు ఆలోచించి, "కలని పూజారి ఒక్కరే పట్టుకుని కూర్చోరు కదండీ, చెట్టు కోసం పదిమందీ కలిసి వెళ్తారు, అందరూ కలిసి పూజ చేస్తారు, పండగ అయ్యాక ఎవరి పనుల్లో వాళ్ళు పడతారు. ఊరంతా నమ్మేదాన్ని మా పుస్తకాలు కూడా భ్రమ అని లెక్కకట్టవు. మీది మీరు ఒక్కరే మోస్తున్నారు, రోజురోజుకీ బరువు పెరుగుతోంది, ఇంకో మనిషి తలుపు దాకా వెళ్ళింది" అన్నారు. గణాచారమ్మ అన్నదానికీ దీనికీ పెద్ద తేడా కనపడలేదు నాకు. ఐతే ఆ రోజు ఒప్పుకున్నానని కాదు. పిన్ని చిల్లంగి పెట్టలేదు అని ఆ రోజు ఎవరు చెప్పినా నమ్మేదాన్ని కాదు. నిద్ర కోసం మాత్రలు వేసుకుంటానని మాత్రం ఒప్పుకున్నాను, మామ్మ అయితే పడుకోనిస్తుంది అన్న మాట పట్టుకుని.

రిస్పెరిడోన్ అనే మందు తక్కువ డోసుతో, నిద్రకి ఇంకోటి. మొదటి వారం పధ్నాలుగు గంటలు పడుకున్నాను. మందుల గురించి దాచను, దవడ బిగుసుకున్నట్టు ఉండేది, కాళ్ళు ఒకచోట నిలిచేవి కావు, నాలుగు నెలల్లో ఏడు కేజీలు పెరిగాను, నెలసరి తప్పింది, ప్రెగ్నెన్సీ ఏమోనని టెస్ట్ చేసుకుంటే కాదు, మందు వల్ల ప్రొలాక్టిన్ అనే హార్మోన్ పెరిగి అలా అవుతుందట. చెప్పగానే డాక్టర్ గారు మందు మార్చారు. ఇవి భరించలేక చాలామంది మధ్యలో మానేస్తారు, నాకూ రెండుసార్లు అనిపించింది, మా ఆయన మాత్ర చేతిలో పెట్టి మింగేదాకా నిలబడేవాడు, దానికి కూడా తగువులే.

నమ్మకం ఎలా పోయిందంటే, ఒకరోజు తెలివి వచ్చి అయ్యో అనుకోలేదు. ఉతికిన కొద్దీ చీర రంగు వెలిసినట్టు పోయింది. రెండో వారమో మూడో వారమో ఆటోలో కూర్చున్నాక గుర్తొచ్చింది, నంబరు కూడలేదు అని. తర్వాత ఒకరోజు పిన్ని మందారం మొక్కకి నీళ్ళు పోస్తుంటే చూశాను, ముసలావిడ నీళ్ళు పోస్తోంది, అంతే కనపడింది. డాక్టర్ గారు చెప్పింది ఏంటంటే, ఇది ముఖ్యం ఇది ముఖ్యం కాదు అని గుర్తు వేసే పని మెదడులో డోపమైన్ అనే రసాయనం చేస్తుందట, అది గాడి తప్పితే పనికిరాని ప్రతిదాని మీదా ముఖ్యం అనే ముద్ర పడిపోతుంది, మందు ఆ ముద్రని తగ్గిస్తుంది, కథని మాత్రం మనమే విప్పుకోవాలి. అది నిజం. ముద్ర పోయాక కూడా కథ చాలాకాలం ఉంది, అలవాటుగా.

దాన్ని విప్పడానికి ఆవిడ ఇచ్చింది ఒక నోట్‌బుక్. లెక్కల టీచర్ కదా, మీరే తేల్చండి అని నాలుగు గళ్ళు గీశారు. వాసన వచ్చి ఏదైనా జరిగిన రోజు, వాసన వచ్చి ఏమీ జరగని రోజు, వాసన రాకుండా జరిగిన రోజు, రెండూ లేని రోజు. అన్ని నెలలూ నేను మొదటి గడి ఒక్కటే లెక్కపెట్టాను, మిగతా మూడూ ఉన్నాయని కూడా తట్టలేదు. పైగా "ఏదైనా" అంటే ఏంటో ముందే రాసుకోవాలి అన్నారు, పాలు విరగడం లెక్కలోకి రాదు, మా ఇంట్లో గానీ దగ్గర చుట్టాల్లో గానీ జబ్బో దెబ్బో డబ్బు నష్టమో, ఒక్క రోజు లోపల. 2020 జనవరి 1 నుంచి ఏప్రిల్ 29 దాకా 120 రోజులు రాశాను, మధ్యలో లాక్‌డౌన్ వచ్చినా ఆపలేదు. వాసన వచ్చినవి 31 రోజులు, వాటిలో 8 రోజులు ఏదో జరిగింది. వాసన రానివి 89 రోజులు, వాటిలో 26 రోజులు జరిగింది. అంటే వచ్చిన రోజుల్లో నాలుగోవంతు, రాని రోజుల్లో అంతకంటే కాస్త ఎక్కువే. ఆ లెక్క వేసి పెన్ను పెట్టేసి చాలాసేపు కూర్చున్నాను. గెలిచినట్టు లేదు. మామ్మ రెండోసారి పోయినట్టు ఉంది.

పాప ఫిట్స్ రాత్రి మాత్రం ఏ గడిలోనూ పట్టట్లేదు, నోట్‌బుక్‌కి ముందు కదా అది. డాక్టర్ గారు అన్నారు, నిద్రలో కూడా తల్లి చెవి పిల్ల మీదే ఉంటుంది, మంచం కదిలిన చప్పుడో మూలుగో విని మెదడు మిమ్మల్ని లేపింది, లేపడానికి మీకు బాగా తెలిసిన గొంతుని వాడుకుంది అయ్యుండొచ్చు అని. అయ్యుండొచ్చు. ఆవిడ అయ్యుండొచ్చు అనే అన్నారు, అంతే అనలేదు, అందుకే ఆవిడంటే నాకు గౌరవం.

పిన్ని దగ్గరికి వెళ్ళడానికి నాకు ఫిబ్రవరి దాకా ధైర్యం చాలలేదు. మరిదిని కూడా తీసుకెళ్ళాను, వాడు గుమ్మంలోనే ఆవిడ కాళ్ళ మీద పడ్డాడు. నేను అంతా చెప్పాను, జబ్బు పేరుతో సహా. ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అంది, ఆ రాత్రి నుంచి తలుపుకి రెండు గడియలు వేసుకుని పడుకుంటున్నానని, అమావాస్యకి నిమ్మకాయ పెట్టడం మానేశానని. క్షమించానని అనలేదు. అనమని అడగలేదు కూడా. పూలు మాత్రం మర్నాటి నుంచి ఆవిడ దగ్గరే కొనడం మొదలుపెట్టాను, ఆవిడ మూర మీద ఇంకో చెయ్యి ఎక్కువ కొలిచి ఇవ్వడానికి ఇంకో ఏడాది పట్టింది.

ఆ ఏడాదిలో చాలా చదివాను. అడ్డపొగ గురించి వెతుకుతుంటే 1971లో మన శ్రీకాకుళం జిల్లా పల్లెల్లో 10,169 మంది నోళ్ళు పరీక్ష చేసి అంగిలి మీద మచ్చల గురించి రాసిన స్టడీ కనపడింది. 1971. వేల్స్ స్టడీ కూడా 1971. మామ్మని చంపిన జబ్బు గురించీ, చచ్చిపోయాక మామ్మ రావడం గురించీ ఒకే సంవత్సరం రాశారు. చదువుతుంటే మెడ వెనక ఆ పాత జలదరింపు వచ్చింది, ఏదో కబురు ఉంది అని. లేచి వెళ్ళి మంచినీళ్ళు తాగి, మా ఆయనకి చెప్పాను, ఇలా అనిపిస్తోంది అని. ఆయన "ఆ సంవత్సరం ఇంకా ఎన్ని వేల పేపర్లు వచ్చాయో" అన్నాడు. ఔను కదా అనుకున్నాను. ఔను కదా అనుకోగలిగాను, అది చాలా పెద్ద విషయం, ఏడాది ముందైతే ఆ మాటకి ఆయన్ని కూడా అనుమానించేదాన్ని.

మందులు మెల్లగా తగ్గించి 2021 మొదట్లో ఆపారు. మేలో కోవిడ్ వచ్చింది, ఇద్దరికీ. మూడో రోజు నుంచి వాసన పూర్తిగా పోయింది, కర్పూరం ముక్కు దగ్గర పెట్టుకున్నా తెలీలేదు, ఇంగువ తెలీలేదు. ఆ వారంలోనే ఒక రాత్రి చుట్ట వాసన వచ్చింది. కర్పూరం తెలియని ముక్కుకి చుట్ట వాసన. మంచం మీద కూర్చుని అనుకున్నాను, ఐతే ఇది బయట నుంచి రావట్లేదు, లోపలిదే, తేలిపోయింది. కోవిడ్‌లో లేని పొగ వాసన, మాడు వాసన రావడం చాలామందికి ఉందని డాక్టర్ గారు కూడా ఫోన్లో చెప్పారు. కానీ మా చిన్నాన్నకి చెప్తే ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ముక్కు పనిచేయకపోయినా వచ్చిందంటే అది ముక్కుతో పని లేని వాసనే కదమ్మా, మా అమ్మే" అన్నాడు. ఒకటే రాత్రి, ఒకటే వాసన. ఆయనకి జబ్బు లేదు, రాత్రి హాయిగా పడుకుంటాడు, ఎవరి తలుపూ కొట్టడు. నేను వాదించలేదు.

నాకు తెలిసిన వాళ్ళు ఎవరైనా ఇలాంటివి చెప్తే ఇప్పుడు నేను దెయ్యమా భ్రమా అని అడగను, గణాచారమ్మ అడిగిందే అడుగుతాను, నిద్ర పడుతోందా, అన్నం తింటున్నావా, ఎవరి మీదైనా కోపంగా ఉందా అని. పడట్లేదంటే మానసిక సమస్యలకి ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబర్ 14416 ఇస్తాను, 2022 అక్టోబర్ నుంచి ఉంది, తెలుగులో మాట్లాడతారు, మాకు అప్పుడు లేదు.

వాసన ఇప్పటికీ ఏడాదికి రెండు మూడుసార్లు వస్తుంది. లేచి పాప నుదురు చూస్తాను, గ్యాస్ చూస్తాను, నోట్‌బుక్‌లో టైం రాసి పడుకుంటాను. మొన్న సంక్రాంతి వెళ్ళాక వచ్చింది, మూడుం పదికి. పొద్దున పూలకి వెళ్తే పిన్ని నా మొహం చూసి, "మీ మామ్మ వొచ్చిందేటే రాత్రి?" అంది.

"వచ్చింది పిన్నీ."

"ఏటందీ?"

"ఏమీ అనలేదు."

పిన్ని పూలు మూరేసి, తడిగుడ్డలో చుట్టి చేతికిచ్చింది.